మిరప ఎరుపుకు అంకెల చిరునామా

గణాంకశాస్త్రం చదివే పిల్లలకు ఆర్ భాష నేర్పడం నా వృత్తి. తెర మీద ఒక రంగును తాకితే దాని అంకెలు చెప్పే కలర్ పికర్‌ను తయారు చేయించడం అందులో మంచి అభ్యాసం. ఈసారి దాన్ని తరగతి గదిలో కాకుండా, రంగును బట్టి ధర పలికే చోటే కట్టాలనిపించింది. మిరప సీజన్ ముమ్మరంగా ఉన్న ఫిబ్రవరి నెలాఖరున ల్యాప్‌టాప్, ఫోను, ఒక తెల్లని అట్టముక్క పట్టుకుని గుంటూరు బయల్దేరాను.

మిర్చి యార్డులో తెల్లవారేసరికే టిక్కీల (మిరప బస్తాల) వరుసలు కనిపించాయి. తేజ, 334, 341, బాడిగ, ఇలా ఏ రకం లాట్లు ఆ రకానివే. కొనేవారు టిక్కీ మూతి విప్పి గుప్పెడు కాయలు తీస్తారు. చేత్తో నలిపి నెమ్ము చూస్తారు, విరిచి గింజ చూస్తారు, వెలుతురుకు తిప్పి రంగు చూస్తారు. డీలక్సా, మీడియమా, తాలు (రంగు పోయిన కాయ) ఎంత కలిసింది అన్నది ఆ కాసేపట్లోనే తేలిపోతుంది. నారు పోసిన నాటి నుంచి పడ్డ కష్టానికంతటికీ వెల కట్టేది ఆ చూపే.

నేను కాయల పక్కన అట్టముక్క పెట్టి ఫొటోలు తీస్తుంటే ఒక రైతు దగ్గరికొచ్చాడు.

"ఏందయ్యా, ఫొటో తీస్తే ధర పెరుగుద్దా?"

"ధర పెరగదు బాబాయ్. రంగు ఎంతుందో అంకెల్లో తెలుస్తుంది."

"అట్టయితే తీయి. రంగు తగ్గిందంటారు. ఎంత తగ్గిందో ఎవురూ చెప్పరు."

ఆయన అడిగింది కొలత. నేను కట్టబోయే పరికరం దేనికో అక్కడే స్పష్టమైంది. కమీషన్ కొట్టు అరుగు మీద కూర్చుని పని మొదలుపెట్టాను.

ఆర్ భాషను 1990ల తొలినాళ్లలో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ మొదలుపెట్టారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. అందులో పేరు పెట్టి పిలవగల రంగులు 657 ఉన్నాయి. ఫైర్‌బ్రిక్ అనే ఎరుపును తీసుకుంటే, ఎరుపు 178, ఆకుపచ్చ 34, నీలం 34 పాళ్లలో కలిసి ఆ రంగు వస్తుంది. తెర చూపగల రంగులు మాత్రం 1,67,77,216. సాధారణ పికర్ ఆ రంగులన్నిటినీ ఒక చక్రంలో పరుస్తుంది. మిరపకు కావలసింది అందులో ఒక సన్నని చీలిక, ముదురు ఎరుపు నుంచి నారింజ ఛాయ దాకా. డీలక్సుకూ మీడియంకూ తేడా అంతా ఆ చీలికలోనే ఉంటుంది. మామూలు చక్రం మీద ఆ రెంటినీ వేలితో విడదీయడం కష్టం.

అందుకని ఆ చీలికను మాత్రమే తెరంతా పరిచాను. ఆర్‌లో హెచ్‌సీఎల్ అనే ఫంక్షన్ ఉంది. రంగు ఛాయను, గాఢతను, వెలుగును విడివిడిగా ఇస్తే అది రంగును తయారు చేసి ఇస్తుంది. మన కన్ను తేడాలను గుర్తించే తీరుకు దగ్గరగా ఉండేట్టు ఆ మూడు కొలతలను ఏర్పరచారు. తెర చూపలేని గాఢత అడిగినప్పుడు దగ్గరి రంగుతో సరిపెట్టకుండా ఖాళీ వదలమని కూడా చెప్పవచ్చు. నేను అలాగే వదలమన్నాను. లేని ఎరుపును ఉన్నట్టు చూపే పరికరాన్ని రైతు చేతికి ఇవ్వకూడదు. ఇక లొకేటర్ అనే ఫంక్షన్ మౌస్ నొక్కు కోసం కాచుకుని ఉండి, నొక్కిన చోటి అడ్డు, నిలువు కొలతలు ఇస్తుంది. వాటిని ఛాయగా, గాఢతగా మార్చితే పికర్ సిద్ధం.

అసలు చిక్కు వెలుతురుతో వచ్చింది. నీలం పట్టా కింద తీసిన కాయ, ఎండలో తీసిన అదే కాయ వేర్వేరు అంకెలు చూపాయి. అట్టముక్కను తెచ్చింది అందుకే. కెమెరా అంకెలను ముందు అసలు వెలుతురు మోతాదులోకి మార్చి, ఆ ఫొటోలోని తెలుపుతో భాగించాక రెండు ఫొటోలూ దగ్గరకొచ్చాయి. తెలుపు పక్కన లేకుండా తీసిన ఎరుపు సాక్ష్యానికి పనికిరాదు.

గుంటూరు నుంచి బయల్దేరితే చిలకలూరిపేట దారిలో, యడ్లపాడు మండలంలో స్పైసెస్ పార్కు వస్తుంది. దాన్ని చూడగానే ప్రయోగశాల కొలత గుర్తొచ్చింది. ఎగుమతి వ్యాపారంలో మిరప రంగును ఆస్టా విలువల్లో చెబుతారు. పొడిలోని రంగును అసిటోన్‌లో కరిగించి, 460 నానోమీటర్ల కాంతిని అది ఎంత పీల్చుకుంటుందో కొలుస్తారు. అది కాయలోని వర్ణద్రవ్యం లెక్క, ప్రయోగశాల పని. నా పికర్ చెప్పేది తొక్క పైన కంటికి కనబడే రంగు. ఈ తేడాను తెర మీదే తెలుగులో రాసి పెట్టాను.

అద్దంకి మీదుగా దర్శి వైపు వెళ్తుంటే నల్లరేగడి చేల పక్కన కళ్లాలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. ఒకచోట ఆడవాళ్లు కూర్చుని తాలు ఏరుతున్నారు. షైనీ అనే ప్యాకేజీ సాయంతో పికర్‌ను ఫోనులోకి తెచ్చి వాళ్ల చేతికిచ్చాను. ఫొటోలో కాయ మెరుపు మీద వేలు పడితే తెలుపు వచ్చేస్తోంది. అందుకని తాకిన చుక్క ఒక్కదాన్నే కాకుండా చుట్టూ ఉన్న చిన్న గడి మొత్తాన్ని తీసుకుని, సగటుకు బదులు మధ్యగతం చూపించాను. ఆ మెరుపు సగటును లాగేస్తుంది, మధ్యగతాన్ని అంతగా కదిలించలేదు. ఒకామె తాను ఏరి పారేసిన కాయనూ ఉంచిన కాయనూ పక్కపక్కనే తాకి చూసి, "నేనేరింది సరిగ్గానే ఉందన్నా" అంది. ఆమె వేళ్లకున్న అనుభవాన్ని ఆ అంకెలు బలపరిచాయి.

అలా తాలు ఏరాక ఉంచిన కాయల రంగులను ఒక గుంపుగా చేసి, కొత్త కాయ ఆ గుంపుకు ఎంత దూరమో చెప్పించాను. దానికి వాడింది గణాంకశాస్త్రవేత్త మహలనోబిస్ 1936లో ప్రతిపాదించిన దూరం. ఆర్‌లో ఆ ఫంక్షన్ పేరు కూడా మహలనోబిసే. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మన సి.ఆర్.రావు, 1940లలో కేంబ్రిడ్జిలో సూడాన్ తవ్వకాల అస్థికల కొలతలను విశ్లేషించింది ఈ పద్ధతితోనే. ఆ లెక్క ప్రకాశం జిల్లా మిరప కళ్లంలో పనికొచ్చినందుకు నాకు చాలా గర్వంగా ఉంది.

రంగును ఇలా కొలిచే పద్ధతి పత్తికీ పనికొస్తుంది. దూది రంగును తెలుపు ఎంత, పసుపు ఎంత అని రెండు అంకెల్లో యంత్రంతో కొలుస్తారు. తీత ఆలస్యమై వానకు తడిస్తే తెలుపు తగ్గుతుంది. ఆ తెలుపుల చీలికను పరిచే తెర ఇక కట్టాలి.

ఈ పికర్ అనుభవజ్ఞుల కంటికి గానీ, ప్రయోగశాలకు గానీ బదులు కాదు. అయితే "రంగు తగ్గింది" అన్న మాటకు "ఎంత?" అని అడిగే వీలు రైతుకు కల్పిస్తుంది. ఆర్ ఉచితం, షైనీ ఉచితం, ఫోను దాదాపు ప్రతి ఇంటా ఉంది. గుంటూరు, ఒంగోలు కళాశాలల్లో గణాంకశాస్త్రం చదివే పిల్లలారా, ప్రాజెక్టు కోసం ఎక్కడో దొరికే లెక్కలు వెతక్కండి. ఒక తెల్లని అట్టముక్క పట్టుకుని మీ ఊరి కళ్లానికే వెళ్లండి.