బావిలో నేర్చిన ఈత

మా పడమటి ప్రాంతంలో నీళ్ల మాటెత్తితే ముందు గుర్తొచ్చేది బిందెల వరుస. ఆదోని అంటే పత్తి మార్కెట్టు, కొండమీది కోట. ఎమ్మిగనూరు అంటే మగ్గాలు, 1938లో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సహకార సంఘం. కర్నూలు జిల్లాలో ఈ మూల నుంచి ఈత పోటీలకు పిల్లల్ని తయారుచేస్తున్నానంటే చాలామంది నవ్వేవారు. ‘తాగడానికి నీళ్లు లేవు, ఈదడానికి ఎక్కడివి సార్?’ అనేవారు.

నవ్వడంలో తప్పు లేదు. కానీ మా పల్లె పిల్లలకు ఈత వచ్చు. వాళ్లకు నేర్పింది బావి. నడుముకు ఎండు సొరకాయ బుర్రో, పాత ట్యూబో కట్టుకుంటారు. కింద నీళ్లలో నిలబడి మామో చిన్నాయనో ‘దూకు రా, నేనుండానులే’ అంటాడు. పిల్లాడు కళ్లు మూసుకుని దూకుతాడు. నాలుగు రోజులు పోయాక బుర్ర ఒడ్డున ఉంటుంది, పిల్లాడు నీళ్లలో ఉంటాడు.

ఆదోని, ఎమ్మిగనూరు మధ్య ఊళ్ల బడుల్లో ఇరవై ఏళ్లకు పైగా వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేశాను. పిల్లలకు నేను డ్రిల్లు సార్‌ని. కబడ్డీ, ఖోఖో ఎలాగూ ఉన్నాయి. వాటితోపాటు ఏటా పదిమందిని ఈతకూ సిద్ధం చేసేవాణ్ని. ఆ పిల్లల్లో పతకాలు తెచ్చినవాళ్లు కొద్దిమందే. ఓడిపోయి కూడా మళ్లీ నీళ్లలోకి దిగినవాళ్లు మాత్రం చాలామంది. నాకు తెలిసిన కోచింగ్ అంతా ఈ రెండోరకం పిల్లలే నేర్పారు.

బావి ఇచ్చేది, ఇవ్వనిది

బావి ధైర్యం ఇస్తుంది. ఊపిరి బిగబట్టడం నేర్పుతుంది. కానీ తిన్నగా ఈదడం నేర్పదు. గుండ్రంగా తిరగడమే అలవాటవుతుంది. పైగా బావిలో ఈదే పిల్లలు తల పైకెత్తి ఈదుతారు. మీద ఎవడు దూకుతాడో చూసుకోవాలి కదా! తల లేస్తే నడుము, కాళ్లు కిందికి దిగిపోతాయి. గాలికంటే నీళ్లు దాదాపు 800 రెట్లు చిక్కన. అందులో కాళ్లు వేలాడేసుకుని ఈదడమంటే బ్రేకు పట్టుకుని సైకిలు తొక్కడమే. అందుకే మా దగ్గర మొదటి పాఠం చేతులది కాదు, తలది. ‘ముఖం నీళ్లలో పెట్టు, బుడగలు వదులు, పక్కకు తిరిగి గాలి పీల్చుకో.’ ఈ ఒక్కటీ కుదరడానికి నెల పట్టేది.

పెద్ద పోటీల కొలను పొడవు 50 మీటర్లు. ఒక రైతు దయతో మాకు దొరికిన దిగుడు బావిని ఈ గోడ నుంచి ఆ గోడకు కొలిస్తే 12 మీటర్లు. నాలుగుసార్లు అటూఇటూ తిరిగినా 50కి రెండు మీటర్లు తక్కువే. అయితే ఆ తిరగడమే మాకు లాభించింది. గోడ దగ్గర పల్టీ కొట్టి కాళ్లతో తన్నుకుని వెనక్కి రావడం మా పిల్లలకు బాగా ఒంటపట్టింది. కొలనులో ఒక్కసారి వచ్చే మలుపు మాకు బావిలో నాలుగుసార్లు వచ్చేది మరి.

కాలువలోకి మాత్రం ఎవరినీ దిగనిచ్చేవాణ్ని కాదు. హోస్పేట డ్యామ్ నుంచి వచ్చే తుంగభద్ర దిగువ కాలువలో నీళ్లు నిదానంగా పోతున్నట్టు కనబడతాయి. దిగాక తెలుస్తుంది వాటి బలం. పైగా సిమెంటు గట్టు పాచిపట్టి ఉంటే పట్టు దొరకదు. బావి దగ్గర కూడా ఇద్దరు పెద్దలు, ఒక మోకు, గాలి నింపిన ట్యూబు లేకుండా ఏ రోజూ మొదలుపెట్టలేదు.

కొలనులో మొదటిరోజు

ఇరవై అడుగుల గట్టు మీద నుంచి బావిలోకి దూకే పిల్లాడొకడు, జిల్లా కేంద్రంలో మొదటిసారి కొలను చూసి దిగనన్నాడు. ఎందుకురా అంటే, ‘అడుగు కనబడుతుంది సార్’ అన్నాడు. పచ్చటి నీళ్లలో అడుగు తెలియకుండా ఈదిన పిల్లాడికి ఆ తేటనీళ్లే భయమయ్యాయి. పక్కన టోపీలు, కళ్లద్దాలు పెట్టుకున్న పట్నం పిల్లలు. మావాడి ఒంటిమీద కబడ్డీ నిక్కరు. భయంలో సగం నీళ్ల వల్ల, సగం ఆ నిక్కరు వల్ల అని నాకర్థమైంది.

అలాంటప్పుడు నేను పిల్లలకు చెప్పే కథ ఒకటుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఈక్వటోరియల్ గినీ అనే చిన్న ఆఫ్రికా దేశం నుంచి ఎరిక్ మూసాంబానీ వచ్చాడు. అంతకుముందు కొద్ది నెలలే ఈత సాధన చేశాడు, అదీ ఒక హోటల్లోని చిన్న కొలనులో. 50 మీటర్ల కొలను చూడటం అతనికి అక్కడే మొదటిసారి. అతనితో పోటీపడాల్సిన ఇద్దరూ ముందే దూకి అనర్హులయ్యారు. ఒంటరిగా 100 మీటర్లు ఈదాడు. చివర్లో మునిగిపోతాడేమో అనిపించేలా ఈదినా ఆపలేదు. పట్టిన సమయం 1 నిమిషం 52.72 సెకన్లు. ఆ పోటీల్లో స్వర్ణం గెలిచినవాడి సమయానికి రెట్టింపు కంటే ఎక్కువ. తర్వాత సాధనచేసి 100 మీటర్లను నిమిషం లోపే ఈదాడు, తన దేశపు ఈత జట్టుకు కోచ్ కూడా అయ్యాడు. ‘మన బావి ఆ హోటలు కొలనంత ఉంటుంది రా’ అంటే పిల్లలు నవ్వేవారు. నవ్విన పిల్లలు నీళ్లలో దిగుతారు.

వంద పేజీల నోటుపుస్తకం

మా దగ్గరున్న పరికరాలు రెండే. ఒక స్టాప్‌వాచ్, పిల్లకొక నోటుపుస్తకం. తేదీ, ఎన్ని రౌండ్లు, ఎంత సమయం, ఈరోజు ఏం నేర్చుకున్నాను... అంతే. ఒకరి పుస్తకం ఇంకొకరు చూడకూడదన్నది నియమం. పక్కవాడి అంకె చూసిన పిల్లాడు, గెలిస్తే విర్రవీగుతాడు, లేకపోతే నీరుగారిపోతాడు. తన నిన్నటి అంకె చూసుకున్నవాడికి ఈరోజు చేయాల్సిన పని తెలుస్తుంది.

మెచ్చుకోవడంలోనూ ఒక పద్ధతి ఉండాలి. ‘నువ్వు చాలా గొప్పోడివి రా’ అంటే పిల్లాడికి ఆ పూట సంతోషం. ‘ఈరోజు మలుపు దగ్గర తల ఎత్తలేదు, అందుకే సెకను తగ్గింది’ అంటే రేపు మళ్లీ అదే చేస్తాడు. మెప్పు పనికి ఇవ్వాలి, మనిషికి కాదు.

ఎన్ని చేతులేస్తే ఎదుటి గోడ వస్తుందో లెక్కపెట్టుకోవడం కూడా నేర్పేవాణ్ని. పచ్చటి నీళ్లలో అదొక్కటే దారి. 2008 బీజింగ్ ఒలింపిక్స్ 200 మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్లో మైకేల్ ఫెల్ప్స్ కళ్లద్దాల్లోకి నీళ్లు చేరి ఏమీ కనబడలేదు. చేతులు లెక్కపెట్టుకుంటూ ఈదాడు. 1 నిమిషం 52.03 సెకన్ల ప్రపంచ రికార్డుతో గెలిచాడు. అది విన్నాక మా పిల్లలకు బావి నీళ్లు కనబడకపోవడం ఒక లోటుగా అనిపించలేదు.

ఓడిన రోజు

ఎనిమిదో తరగతి అమ్మాయి. తండ్రి పత్తి మార్కెట్టులో హమాలీ, తల్లి కూలికి పోతుంది. జిల్లా ఎంపిక పోటీల్లో 50 మీటర్ల ఫ్రీస్టయిల్‌లో అందరికంటే చివర వచ్చింది. నీళ్లలోంచి బయటికి రాకుండా గోడ పట్టుకుని ఏడ్చింది.

ఓడిన పిల్లకు వెంటనే ఏం చెప్పినా చెవికెక్కదు. ‘పర్వాలేదు’ అంటే అబద్ధమనిపిస్తుంది. ‘చెప్పాను కదా’ అంటే కడుపులో కత్తి. తువ్వాలు ఇచ్చాను. అందరం వెళ్లి ఉగ్గాని, బజ్జీ తిన్నాం. తిరుగు బస్సులో కోడుమూరు దాటాక తనే అడిగింది, ‘సార్, నా టైము ఎంత?’ అని. పుస్తకం తెరిచాను. ముందురోజు అదే కొలనులో 58 సెకన్లు, పోటీలో 53. ‘నిన్నటి పిల్లను ఐదు సెకన్లతో ఓడించినావు కదమ్మా’ అన్నాను. కాసేపు కిటికీలోంచి చూసి, ‘అయితే ఇంగా తగ్గించొచ్చు’ అంది.

ఆరతీ సాహా కథ చెప్పింది ఆ బస్సులోనే. 1959 ఆగస్టు 27న ఇంగ్లిష్ ఛానల్ ఈదబోయి, తీరం కొద్ది మైళ్ల దూరంలో ఉండగా ఆమె ఆగిపోవాల్సి వచ్చింది. నెల దాటగానే, సెప్టెంబరు 29న మళ్లీ దిగి 16 గంటల 20 నిమిషాల్లో దాటారు. ఛానల్ ఈదిన తొలి ఆసియా మహిళ ఆమే.

సుగ్గి

మా ప్రాంతంలో పిల్లల ఆటకు అసలు అడ్డు ఓటమి కాదు, సుగ్గి. కోతల కాలంలో ఇంటిల్లిపాదీ గుంటూరు వైపు మిరపకోతలకు వలస పోవడాన్ని సుగ్గికి పోవడమంటాం. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర ముగిసేసరికి తరగతి గదుల్లో ఖాళీలు కనబడేవి.

ఆ అమ్మాయి ఇంట్లోనూ మూటలు కట్టారు. వెళ్లి అడిగాను. తల్లి సూటిగా అంది, ‘ఈత కూడు పెడతాదా సార్?’ పెట్టదక్కా అన్నాను. పెడుతుందని చెప్పడం మోసం. ‘మరి యాల?’ అంది. ‘ఈ పిల్ల ఒకటి మొదలుపెడితే వదిలిపెట్టదు. ఆ గుణం ఈతలో వచ్చింది. అది పోకుండా చూసుకుందాం’ అన్నాను. ఆమె ఏమీ అనలేదు. పిల్లను తీసుకునే వెళ్లారు. జేజి మంచంలో ఉంది, ఇక్కడ వదిలి వెళ్లడానికి ఎవరూ లేరు.

వెళ్లేముందు ఆమెకు పాత సైకిలు ట్యూబొకటి ఇచ్చాను. చెట్టుకు కట్టి, ముందుకు వంగి, ఈతలో నీళ్లను లాగినట్టే రోజూ లాగాలి. భుజాల బలం పోదు. నోటుపుస్తకమూ ఇచ్చాను.

ఎండలు ముదిరాక తిరిగొచ్చారు. పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. ‘వేపచెట్టు, 30 సార్లు’. ‘40 సార్లు’. మధ్యలో ఒకచోట, ‘ఈ పొద్దు చేయలేదు. మిరపకాయలకు చేతులు మంట.’ మరుసటి రోజు మళ్లీ 40. నా ఉద్యోగ జీవితంలో అంతకంటే విలువైన కాగితం చూడలేదు.

మరుసటి ఏడాది ఆమె నాలుగో స్థానంలో వచ్చింది. పతకం రాలేదు. డిగ్రీ చదివేటప్పుడు ఎండాకాలం సెలవుల్లో అదే బావి దగ్గర చిన్నపిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు ఈత నేర్పింది. మొదటి పాఠం నాదే. ముఖం నీళ్లలో పెట్టు, బుడగలు వదులు.

అమ్మానాన్నలకు ఓ మాట

పోటీ నుంచి వచ్చిన పిల్లను ‘ఎన్నో స్థానం?’ అని అడక్కండి. ‘ఎట్లా ఈదినావు?’ అని అడగండి. స్థానం పక్కవాళ్ల చేతిలోనూ ఉంటుంది, ఈత తన చేతిలోనే ఉంటుంది. పక్కింటి పిల్లల ఊసు తేవద్దు. తినే టైముకు తిండి, పడుకునే టైముకు నిద్ర... మీరివ్వగల కోచింగ్ అదే.

ఆడపిల్లకు ఈత ఎందుకనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. హైదరాబాద్‌కు చెందిన గోలి శ్యామల నలభై దాటాక ఈత నేర్చుకుని, 2021 మార్చిలో శ్రీలంక నుంచి మన తీరానికి పాక్ జలసంధిని ఈదారు. అంత దూరం పోనక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021లో ప్రపంచంలో సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వాళ్లలో దాదాపు సగం మంది ముప్పై ఏళ్ల లోపువాళ్లే. కాలువలు, చెరువులు, బావుల మధ్య బతికే మనకు ఈత ముందు ప్రాణరక్షణ, తర్వాతే పతకం.

ఈ ఎండాకాలం పిల్లలు ఈతకు పోతామంటే వద్దనకండి, ఒంటరిగానూ పంపకండి. తోడు వెళ్లండి. గట్టు మీద కూర్చుని చూడండి. నాన్న చూస్తున్నాడని తెలిస్తే చాలు, పిల్ల ఇంకో రౌండు ఎక్కువే కొడుతుంది.