ఒడిబియ్యం చీర

మొన్న బీరువా సర్దుతుంటే అడుగు అరలోంచి ఒక పట్టుచీర బయటపడింది. గంధం రంగు, ఎర్ర అంచు. నాలుగేళ్ళయినా మడత విప్పలేదు.

"ఇంత మంచి చీర ఎందుకు కట్టుకోవమ్మా?" అంది మా అమ్మాయి.

నాయన పోయి ఏడాది వెళ్ళాక అన్నలు నాకు ఒడిబియ్యం పోసిన రోజు పెట్టిన చీర అది. ఆ పొద్దునే ఎమ్మార్వో ఆఫీసుకు పోయి, పొలంలో నాకేమీ వద్దని సంతకం పెట్టి వచ్చాను. అదే చెప్పాను.

"నీ వాటా ఎంత వచ్చేది?" అని అడిగింది.

నోరు మెదపలేకపోయాను. మొత్తం ఎన్నెకరాలో తెలుసు. బత్తాయి తోట ఎంత, పత్తి చేను ఎంత, బోరు ఏ గట్టు మీద ఉందో కూడా తెలుసు. కానీ అందులో నాకెంత అని ఒక్కసారి కూడా లెక్క వేసుకోలేదు. తెలుగు బి.ఏ. చదివినదాన్ని. కూరగాయల బండి దగ్గర రెండు రూపాయలకు బేరమాడేదాన్ని!

మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆమెకు తొమ్మిదో ఏట పెళ్ళి. నిజాం రాజ్యం. బడి చదువంటే ఉర్దూ, అదీ ఊళ్ళో ఒకరిద్దరు మగపిల్లలకే. మామ ఎదుట మాట్లాడింది లేదు. మొగుని పేరు నోట పలికింది లేదు. ఎవరైనా వచ్చి పేరు అడిగితే పక్కింటి పిల్లాణ్ణి కేకేసి చెప్పించేదట. పుట్టింటికి పోవాలంటే అన్న బండి కట్టుకొని రావాలి. రాని ఏడు బతుకమ్మ పండుగ అత్తగారింట్లోనే. ఆమె అన్నలు పొలం పంచుకున్నప్పుడు పట్వారీ ఏదో కాగితం తెచ్చాడు. "అండ్ల ఏం రాసిన్రో నాకేమెరుక బిడ్డా. ఏలు వట్టి అద్దిచ్చుకున్నరు. చీర వెట్టిన్రు, కడుపునిండ బువ్వ వెట్టిన్రు, వచ్చిన" అనేది. నవ్వుతూనే చెప్పేది.

1956 చట్టం తండ్రి వాటాలో కూతురికి కూడా కొంత భాగం ఇచ్చింది. అందుకే ఆ వేలిముద్ర కావాల్సి వచ్చిందని నాకు చాలా ఏళ్ళకు గానీ తట్టలేదు. హక్కు లేని మనిషి వేలు పట్టుకొని సిరాలో ముంచరు కదా.

నిజానికి ఈ విషయంలో మన ఉమ్మడి రాష్ట్రం దేశం కంటే ముందే నడిచింది. పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉంటుందని 1986లో చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తింపజేశారు. ఆ తేదీ చూసినప్పుడల్లా నాకొకటి అనిపిస్తుంది. సరిగ్గా ఐదు రోజుల తర్వాత, సెప్టెంబర్ 10న, చాకలి ఐలమ్మ కన్నుమూసింది. పాలకుర్తి నిజాం కాలంలో మా నల్లగొండ జిల్లాలోనే ఉండేది. కౌలు భూమిలో తాను పండించిన పంట కోసం విసునూరు దొరకు ఎదురు నిలిచింది ఆమె. అక్షరం ముక్క రాకపోయినా "ఇది నాది" అనగలిగింది.

ఆ సవరణలో ఒక మెలిక కూడా ఉంది. అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళకు అది వర్తించదు. మా అమ్మ అలాగే ఆగిపోయింది. 2005లో కేంద్రం చట్టం మార్చాక ఆ అడ్డు పోయింది. ఆ మార్పు వచ్చేనాటికి తండ్రి బతికి ఉండాలా వద్దా అన్న తగువు మిగిలితే, ఉండనక్కర్లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. నాకైతే ఏ అడ్డూ లేదు. అన్నీ నా వైపే ఉన్నాయి, నేను తప్ప.

అన్నలు నన్ను బెదిరించలేదు. పెద్దన్న ఫోన్ చేసి, "చెల్లె, ఒక్కపారి వచ్చి సంతకం వెట్టిపో, పాస్‌బుక్కుల పేర్లు మార్చాలె" అన్నాడంతే. అడిగితే బాధపడతాడేమో, వదిన ముఖం ఎలా ఉంటుందో, రేపు బతుకమ్మకు పిలుస్తారో లేదో... దారంతా బస్సులో నా ఆలోచన ఇదే. కాగితం చదివాను కూడా. తప్పుగా పడిన నా ఇంటిపేరు దిద్దించి మరీ సంతకం పెట్టాను.

సాయంత్రం ఒడిలో పసుపు బియ్యం, కుడుకలు, వక్కలు, ఖర్జూరాలు పోస్తుంటే ఏడుపొచ్చింది. నాయన గుర్తొచ్చి ఏడుస్తోందనుకున్నారు. అదీ నిజమే.

అమ్మ ఇప్పటికీ ఆ చేనుకు పోతుంది. పత్తి ఏరుతుంది, కలుపు తీస్తుంది. కానీ 2018లో రైతుబంధు మొదలైనప్పుడు డబ్బు పట్టా ఉన్నవాళ్ళకే పడింది. అది నాయన పేరు మీద ఉండేది, ఇప్పుడు అన్నల పేరు మీద ఉంది. రైతుబీమా కూడా పట్టా ఉన్నవాళ్ళకే. ముప్పై ఏళ్ళకు పైగా మట్టి పిసికిన మా అమ్మ ఏ కాగితంలోనూ రైతు కాదు. అమ్మ కూడా ఆ రోజు నా పక్కనే కూర్చొని సంతకం పెట్టింది. ఆమె సంగతి నేనూ అడగలేదు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం వేరే ఉంది. మా అత్తగారిది పాలమూరు వైపు. మామయ్య పోయి ఏడాది దాటింది. వచ్చే నెల మా ఆడబిడ్డ వచ్చి సంతకం పెట్టాలి. పోయిన వారం మా ఆయన, "దానికి చీర ఏది తీసుకుందాం?" అని నన్నే అడిగారు. నేను కూడా అలవాటుగా, "గద్వాల పట్టు అయితే బాగుంటుంది" అనేశాను. రంగు కూడా చెప్పాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ పొలంలో వాటా వస్తే మా అమ్మాయి ఫీజుకు పనికొస్తుందన్న లెక్క మాత్రం నేను ఎప్పుడో వేసి పెట్టుకున్నాను. నా వాటా లెక్క రాలేదు గానీ ఆడబిడ్డ వాటా లెక్క వచ్చింది చూడండి!

పొద్దున కాఫీ ఇస్తూ ఆయనతో అన్నాను. "చీర సంగతి తర్వాత. ముందు ఫోన్ చేసి, మొత్తం ఎంత ఉంది, నీ వంతు ఎంత వస్తుంది, కావాలా వద్దా అని అడగండి. వద్దంటే అప్పుడు సంతకం."

"అడిగితే కావాలంటుందేమో?" అన్నారు.

"అంటే ఇద్దాం."

ఆయన కాఫీ గ్లాసు పట్టుకొని చాలాసేపు కూర్చున్నారు. నిన్న రాత్రి భోజనాలయ్యాక ఫోన్ చేశారు. పొలం మాట వినగానే ఆమె, "సంతకానికి ఎప్పుడు రావాలె అన్నా?" అంది. ఆయన నా వైపు చూశారు. నేను ఫోన్ తీసుకున్నాను.