డాబా మీది డిష్



2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం తుపాను గాలికి, మా నాదెండ్ల సంఘములోని ఒక వృద్ధ విధవరాలి డాబా మీది డిష్ పక్కకు తిరిగిపోయినది. ప్రార్థనకు వెళ్ళిన మాతో ఆమె, "అయ్యగారూ, వారం రోజులుగా ఇంట్లో మనిషి గొంతు లేదండీ" అన్నది.

డాబా ఎక్కాము. దూరదర్శన్ ఫ్రీ డిష్ ప్రసారాలు వచ్చే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశంపై, దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్నది. మన ఊరికి అది ఆగ్నేయ మూలన, నేలమట్టం నుండి సుమారు 65 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. గొట్టం నిటారుగా ఉన్నదని చూచుకొని, నట్లు వదులు చేసి, డిష్‌ను వెంట్రుకవాసి చొప్పున జరిపాము. ఇక్కడ ఒక్క డిగ్రీ తప్పితే అక్కడ ఆరు వందల కిలోమీటర్లు తప్పినట్లే!

కింద టీవీ చూస్తున్న పక్కింటి కుర్రవాడు, "అయ్యగారూ, స్ట్రెంత్ 80 ఉంది, క్వాలిటీ సున్నా!" అని కేక వేశాడు. స్ట్రెంత్ ఎంత ఉన్నా, సరియైన ఉపగ్రహానికి గురి కుదిరితేనే క్వాలిటీ పెరుగుతుంది, బొమ్మ వస్తుంది.

గంటకు బొమ్మ వచ్చినది. నట్లు బిగించి దిగివచ్చాము. ఆమె మాత్రం టీవీ కట్టేసి, "కూర్చోండి అయ్యగారూ, టీ పెడతాను" అన్నది.

అప్పుడు మాకు సిగ్గు వేసినది. ఇన్నాళ్ళు ఆ గుమ్మంలో నిలబడి, రెండు నిమిషాలు ప్రార్థించి వచ్చేవారము. మా స్ట్రెంత్ బాగానే ఉన్నది, క్వాలిటీయే సున్నా. ఇప్పుడు ప్రతి శనివారము అరగంట ఆ ఇంట కూర్చుంటున్నాము. మాట్లాడేది ఆమె, వినేది మేము.