హాలీవుడ్ పొరుగున తిమింగలాల దారి

"హాలీవుడ్ దాకా వెళ్ళొచ్చారట! ఇంతకీ ఏ స్టార్‌ని చూశారు?" కలిసిన ప్రతివాళ్ళదీ ఇదే ప్రశ్న.

చూశానండీ బాబూ, చూశాను. అల్లాటప్పా స్టారు కాదు. పొడవు డెబ్బై, ఎనభై అడుగులు. బరువు దగ్గర దగ్గర వంద టన్నులు. మేకప్పు లేదు, డూపు లేదు, వెంట మేనేజరు లేడు. ఆటోగ్రాఫు మాట దేవుడెరుగు! ఈ భూమ్మీద పుట్టిన ప్రాణులన్నిటిలోకీ పెద్దది, నీలి తిమింగలం. హాలీవుడ్‌కి రెండు గంటల ప్రయాణంలో దాని దర్శనం దొరుకుతుందని అక్కడికి వెళ్ళే మనవాళ్ళలో చాలామందికి తెలియదు. ఆ దర్శనం దొరికే చోటే దానికి ప్రాణగండం కూడా ఉందని అసలే తెలియదు.

లాస్ ఏంజిలిస్‌లో మా పెద్దమ్మ కొడుకు ఇంట్లో దిగాను. "చైనీస్ థియేటర్ ముందు స్టార్ల పాదముద్రలు చూశావు, స్టూడియో టూరు అయిపోయింది. ఇంకేం మిగిలిందిరా?" అన్నాడు అన్నయ్య. "సముద్రం" అన్నాను. ఆగస్టు నెల, శనివారం. తెల్లారకముందే వదిన పులిహోర కట్టింది. పిల్లలిద్దరూ వెనకసీట్లో నిద్రపోతుండగా కారు 101 నంబరు రోడ్డెక్కింది.

తెల్లగోడలు, ఎర్ర పెంకులు

వెంచురా అనే ఊరు దాటాక ఎడంపక్క సముద్రం, కుడిపక్క కొండలు. ఏ కెమెరామన్ అయినా అక్కడే స్టాండు పాతేస్తాడు! ఆ దారి చివర శాంటా బార్బరా. 1925లో భూకంపం వచ్చి ఊరు సగం కూలితే, స్పానిష్ పద్ధతిలో తెల్లగోడలు, ఎర్ర పెంకులతో మళ్ళీ కట్టుకున్నారు. అన్నట్టు, సినిమా అభిమానులకి ఇదొక పుణ్యక్షేత్రమే. హాలీవుడ్ ఇంకా నిలదొక్కుకోని 1910ల్లో ఇక్కడ 'ఫ్లయింగ్ ఎ' అనే స్టూడియో ఉండేది. గుర్రాలు, తుపాకులు, కౌబాయ్‌లు... మూకీ చిత్రాలు వరసగా తీసి పారేశారు.

రేవులో నిలబడి దక్షిణానికి చూస్తే మంచు తెరలోంచి నాలుగు ద్వీపాలు నీలంగా కనపడతాయి. అనకాపా, శాంటా క్రూజ్, శాంటా రోజా, శాన్ మిగుయెల్. ఈ ద్వీపాలకీ తీరానికీ మధ్యనున్న నీళ్ళనే శాంటా బార్బరా చానెల్ అంటారు. మధ్యలో ఇనుప కాళ్ళమీద నిలబడ్డ చమురు బావులు. 1969 జనవరిలో అందులో ఒకటి పగిలి, తీరమంతా నల్ల నూనెతో నిండిపోయింది. ఆ దృశ్యాలు చూసి అమెరికా జనం గగ్గోలు పెట్టారు. ఆ మరుసటి ఏడే మొదటి 'ఎర్త్ డే' జరిగింది. ఈ నీళ్ళ బాధ లోకం దృష్టికి రావడం అదే మొదటిసారి కావచ్చు, ఆఖరిసారి మాత్రం కాదు.

హీరో ఎంట్రీ

పడవలో నూరుమందిమి ఉంటాం. గంటసేపు డాల్ఫిన్లు మాతో పందెం వేసి ఉరికాయి. పిల్లల కేకలకి పడవ అదిరింది. నా సంగతి చెప్పొద్దూ, ఒళ్ళు తూలిపోతోంది, చలి కొరుకుతోంది. ఉన్నట్టుండి మైకులో గైడు గొంతు: "పన్నెండు గంటల దిక్కున ఊపిరి!"

పన్నెండు గంటల దిక్కంటే పడవకి సరిగ్గా ముందు. చూశాం. మూడంతస్తుల మేడంత ఎత్తున నీటి ఆవిరి స్తంభంలా లేచింది. ఆ తర్వాత వీపు. అది వస్తూనే ఉంది... వస్తూనే ఉంది... మన ఆర్టీసీ బస్సులు రెండు వరసగా నీళ్ళలోంచి దాటిపోతున్నట్టుంది. నీటి పైన బూడిద రంగు, నీటి అడుగున మెరిసే మణి నీలం. చివర్లో తోక లేచి, నీళ్ళు కారుస్తూ నిలువునా దిగిపోయింది. మా చిన్నోడు "బాబాయ్, అయిపోయిందా?" అన్నాడు దిగులుగా. పడవలో ఒక్కరూ మాట్లాడలేదు.

ఇక్కడికే ఎందుకు వస్తాయి? తిండి కోసం. చలికాలం మెక్సికో, కోస్టారికా దిక్కు వెచ్చని నీళ్ళలో గడిపి, వేసవికి కాలిఫోర్నియా చేరతాయి. ఇక్కడి గాలులకి సముద్రం అడుగునుంచి చల్లటి సారవంతమైన నీళ్ళు పైకి ఉబుకుతాయి. దాంతో 'క్రిల్' అనే చిట్టి రొయ్యల్లాంటి జీవులు కోట్లకి కోట్లు పుడతాయి. ఇంత పెద్ద జంతువు తినేది అంత చిన్న జీవుల్ని! రోజుకి టన్నులకి టన్నులు. ద్వీపాల అంచున సముద్రపు నేల ఒక్కసారిగా లోతుకి దిగే చోట ఈ విందు జరుగుతుంది.

విలన్‌కి తెలియని విలనీ

తిరిగి వస్తుండగా పడవ ఆగింది. మంచులోంచి ఓడ ఒకటి వస్తోంది. రంగురంగుల పెట్టెలు అంతస్తులుగా పేర్చిన కంటెయినర్ ఓడ. వెయ్యడుగులు ఉంటుందేమో! చప్పుడు లేకుండా మా ముందునుంచి దాటిపోయింది. తిమింగలాన్ని చూసి నోరు తెరిచిన మా పిల్లలు ఈ ఓడని చూసి రెండో మారు తెరిచారు. దాని పక్కన తిమింగలం చిన్న చేపే.

అమెరికాలో కంటెయినర్లు అన్నిటికన్నా ఎక్కువగా దిగే జంట రేవులు లాస్ ఏంజిలిస్, లాంగ్ బీచ్. వాటికి ఆసియానుంచి వచ్చే ఓడలకి ఈ చానెల్ రాజమార్గం. తిమింగలాల భోజనశాల మీదుగానే ఓడల హైవే వేశారన్నమాట!

2007లో శరదృతువు వచ్చేసరికి ఈ ప్రాంతంలో కనీసం నాలుగు నీలి తిమింగలాలు ఓడలు గుద్ది చనిపోయాయి. ఈశాన్య పసిఫిక్ మొత్తానికి ఉన్నవి సుమారు రెండు వేలు. నాలుగంటే మాటలా? అవి మనకి తెలిసిన నాలుగు. చచ్చినవాటిలో ఎక్కువ భాగం మునిగిపోతాయి, ఒడ్డుకి రావు. అమెరికా పడమటి తీరమంతా కలిపి ఏటా ఎనభైకి పైగా పెద్ద తిమింగలాలు ఇలా పోతున్నాయని 2017లో శాస్త్రజ్ఞులు అంచనా వేశారు.

1956లో వచ్చిన 'మోబీ డిక్' చిత్రం గుర్తుందా? గ్రెగరీ పెక్ హీరో. అందులో తిమింగలం ఓడమీదికి వచ్చి ముంచేస్తుంది. నిజజీవితంలో కథ తిరగబడింది. ఓడే వచ్చి గుద్దుతుంది. పైగా గుద్దినట్టు ఓడకి తెలియదు! రేవు చేరాక ముక్కుకి కళేబరం వేలాడుతుంటే అప్పుడు చూసుకున్న సందర్భాలున్నాయి. పగ లేదు, ప్రతీకారం లేదు. విలన్‌కి తాను విలన్‌నని తెలియని సినిమా ఇది.

అంత పెద్ద ప్రాణి తప్పుకోలేదా అంటారేమో. నేనూ అదే అడిగాను. గైడమ్మ ఓపిగ్గా చెప్పింది. తిమింగలాల వీపున యంత్రాలు అంటించి, ఓడలు దగ్గరికి వచ్చినప్పుడు ఏం చేస్తాయో చూశారు. 2015లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. నీలి తిమింగలం పక్కకి పరిగెత్తదు. ఉన్నచోటే నెమ్మదిగా, సెకనుకి అరమీటరు చొప్పున కిందికి దిగుతుంది, అంతే! లక్షల ఏళ్ళుగా తనకన్నా పెద్దది సముద్రంలో లేదు కదా, భయపడి పరిగెత్తడం దానికి ఎవరు నేర్పారు? ఓడ చప్పుడంతా వెనక పంకాలది. ముందువైపు ఆ చప్పుడుకి ఓడ ఒళ్ళే అడ్డం. రాత్రి మరీ ప్రమాదం. పగలు లోతుకి వెళ్ళి తినే తిమింగలం చీకటి పడ్డాక ఎక్కువసేపు పైపైనే ఉంటుంది.

అంటే తిమింగలం తప్పుకోలేదు. తప్పుకోవలసింది, నెమ్మదించవలసింది మనిషే.

పది నాట్ల కథ

మొదట దారి మార్చారు. 2013లో అంతర్జాతీయ నౌకా సంస్థ ఒప్పుకోలుతో, ద్వీపాల వైపున్న ఓడల వరసని ఒక నాటికల్ మైలు ఉత్తరానికి జరిపారు. విందుశాలకి కొంచెం ఎడంగా అన్నమాట. కానీ తిమింగలాలు గీత గీసుకుని తినవు కదా! అందుకని వేగం సంగతి వచ్చింది.

ఓడ వేగాన్ని 'నాట్'లలో కొలుస్తారు. వరినాట్లు కావు సుమా! పది నాట్లంటే గంటకి పద్దెనిమిది కిలోమీటర్ల పైచిలుకు. పదిహేను నాట్లతో వచ్చే ఓడ గుద్దితే నూటికి ఎనభై పాళ్ళు తిమింగలం చస్తుందని లెక్క. తొమ్మిది నాట్లకి కాస్త తక్కువైతే ఆ అవకాశం నూటికి ఇరవయ్యే. తేడా చూశారా?

అందుకే మే నుంచి డిసెంబరు దాకా ఇక్కడ పెద్ద ఓడల్ని పది నాట్లకి మించవద్దని కోరతారు. కోరతారు... ఈ మాట గమనించండి. ఆజ్ఞ కాదు, విన్నపం. అట్లాంటిక్ తీరంలో రైట్ తిమింగలాల కోసం 2008 డిసెంబరులో పది నాట్ల నిబంధనని చట్టంగానే తెచ్చారు. పసిఫిక్ తీరంలో మాత్రం మర్యాదగా అడగడమే పద్ధతి.

ఉత్త మర్యాదకి ఎంతమంది ఆగుతారు? 2014లో డబ్బు ఆశ చూపి చూశారు. పన్నెండు నాట్ల లోపు వెళ్ళే ఒక్కో ప్రయాణానికి రెండున్నర వేల డాలర్లు! ఓడ నెమ్మదిస్తే పొగ కూడా తగ్గుతుంది కనక ఊళ్ళో గాలి బాగు చూసే శాఖలు కూడా చేతులు కలిపాయి. 2020లో శాంటా బార్బరా విశ్వవిద్యాలయంలోని పరిశోధకులు 'వేల్ సేఫ్' ప్రారంభించారు. సముద్రం అడుగున మైకు పెట్టి తిమింగలాల పాటలు వింటారు. ఆ పాట మన చెవికి దాదాపు అందనంత మంద్రం. కంప్యూటరు దాన్ని పసిగట్టి ఒడ్డుకి కబురు పంపుతుంది. మాలాంటి పడవలవాళ్ళు చూసినవాటి లెక్క, సముద్రపు వేడిని బట్టి వేసే అంచనా కూడా కలిపి, ఈవేళ తిమింగలాలు ఉండే అవకాశం ఎంతో ప్రకటిస్తారు.

అసలు గమ్మత్తు తర్వాత ఉంది. ఏ కంపెనీ ఓడ ఎంత వేగంతో వెళ్ళిందో చూసి ఏ నుంచి ఎఫ్ దాకా మార్కులు వేసి, అందరికీ కనపడేట్టు పెడతారు. మన పత్రికలు సినిమాలకి రేటింగు ఇచ్చినట్టు! చట్టం చేయలేని పనిని సిగ్గు చేస్తుందని ఆశ.

ఒడ్డున పులిహోర తింటూ అన్నయ్య అన్నాడు. "మా ఇంట్లో టీవీ, సోఫా, ఈ పిల్లల బొమ్మలు... అన్నీ ఆ ఓడల్లో వచ్చినవేరా. నెమ్మదిస్తే సరుకు ఆలస్యం కాదూ?"

లెక్క కట్టాం. వంద నాటికల్ మైళ్ళు ఇరవై నాట్లతో అయిదు గంటలు, పది నాట్లతో పది గంటలు. పసిఫిక్ దాటడానికే రెండు వారాలు పట్టే ప్రయాణంలో అయిదు గంటలు!

"అయితే నా సోఫా పూటాలస్యంగా వచ్చినా పరవాలేదు" అంది వదిన.

నేలమీది క్లైమాక్స్

1986లో 'స్టార్ ట్రెక్' వరసలో నాలుగో చిత్రం వచ్చింది. లెనార్డ్ నిమోయ్ దర్శకుడు. భవిష్యత్తులో హంప్‌బ్యాక్ తిమింగలాలు అంతరించిపోతే, హీరోలు కాలంలో వెనక్కి వచ్చి ఒక జంటని తీసుకువెళ్ళి భూమిని కాపాడతారు. అందులో కనిపించే తిమింగలాల్లో చాలావరకు యంత్రపు బొమ్మలే. అయినా జనం నిజమైనవేననుకున్నారు. వ్యాపారం కోసం తిమింగలాల్ని చంపడంపై అంతర్జాతీయ నిషేధం అమలుకి వచ్చింది కూడా ఆ ఏడే. బల్లెం వెళ్ళిపోయింది, ఓడ ముక్కు మిగిలింది.

2022 ఆగస్టు చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కో దక్షిణాన హాఫ్ మూన్ బే ఒడ్డుకి ఒక హంప్‌బ్యాక్ కొట్టుకొచ్చింది. మెడ విరిగింది. ఓడ దెబ్బే. దాని తోకమీది గుర్తులు చూసి పోల్చుకున్నారు. అది 'ఫ్రాన్'. 2005 నుంచి వందలసార్లు ఫొటోలకెక్కిన తిమింగలం, అంతకుముందే పిల్లతో కనపడింది. భవిష్యత్తునుంచి ఎవరూ దిగి రాలేదు. మరుసటి నెలలో ఆ ఊరి సముద్రంలోనూ 'వేల్ సేఫ్' మైకు వేశారు.

మన దిక్కున ఈ గొడవ లేదనుకోకండి. శ్రీలంక దక్షిణాన మిరిస్సా ముందు నీళ్ళలో నీలి తిమింగలాలున్నాయి. తూర్పు, పడమరల మధ్య తిరిగే ఓడలన్నీ ఆ మూలనే తిరగాలి. 2022లో ఎమ్.ఎస్.సి. అనే పెద్ద కంపెనీ తనంతట తానే తన ఓడల్ని పదిహేను నాటికల్ మైళ్ళు దక్షిణానికి జరిపింది. ఒకరు మంచిగా జరిగితే మిగతావాళ్ళకి జరగకపోవడం కష్టమవుతుంది. అక్కడైనా, ఇక్కడైనా అదే ధైర్యం.

మీలో ఎవరైనా లాస్ ఏంజిలిస్ వెళితే ఒక రోజు మిగుల్చుకోండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నీలి తిమింగలాల రోజులు. స్వెటరు మరిచిపోవద్దు, కడుపు తిప్పకుండా మాత్ర వేసుకోండి. కెమెరా తిమింగలానికి మాత్రమే దాచుకోకండి. దాటిపోయే పెద్ద ఓడల పక్కన కంపెనీ పేరు మనిషెత్తు అక్షరాలతో రాసి ఉంటుంది. అదీ ఒక ఫొటో తీసుకుని, ఒడ్డుకొచ్చాక ఆ కంపెనీకి ఏ గ్రేడు వచ్చిందో చూడండి. 'ఎఫ్' వస్తే నలుగురికీ చెప్పండి. మొదటి రోజు మొదటి ఆట చూసి బయటికొచ్చి, బొమ్మ ఎలా ఉందో ఊరందరికీ చెప్పే అలవాటు మనకి ఎలాగూ ఉందిగా!