ఎద్దు కుంటితే కాడి దించుతాం, పిల్లోడు కుంటితే?

ఈరోజు వరి సంగతి కాదు, మన ఇళ్ళల్లో పిలకాయల సంగతి రాస్తా ఉండా.

మావాడికి పదమూడేళ్ళు. కాస్త బొద్దుగా ఉంటాడు. పోయిన నాట్లప్పుడు మోకాలు నొప్పి అన్నాడు. బడి ఎగ్గొట్టే వేషాలనుకున్నా. కుంటతా ఉంటే వాళ్ళ అవ్వ 'ఎదిగే వయసులే' అనింది. నువ్వుల నూనె పెట్టి తోమాం. మోకాలికి ఎక్స్‌రే తీయిస్తే ఏమీ లేదన్నారు. అట్లా రెండు నెలలు పోయినాయి.

చివరికి ఒక ఎముకల డాక్టరు ముందు వాడి నడక చూశాడు. పాదం బయటికి తిరిగుంది. పడుకోబెట్టి మోకాలు పొట్ట మీదకి వంచితే తొడ పక్కకి పోతా ఉంది. "నొప్పి మోకాల్లో తెలుస్తా ఉంది గానీ, జబ్బు తుంట్లో ఉంది" అన్నాడు. ఎక్స్‌రేలో తొడ ఎముక తలకాయ ఎదిగే చోట జారి ఉంది. కాలు కింద పెట్టనీకుండా ఆస్పత్రిలో చేర్చుకుని స్క్రూ వేశారు. ముందే తెచ్చుంటే అంత జారేది కాదన్నారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటా ఉంది.

మన పెద్దోళ్ళు ఇట్లా కాదు. కనిగిరి, పొదిలి కూడా నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, కాళ్ళు బిగిసి ఎద్దులు నడవలేకపోవడం ముందు కనిపెట్టింది రైతులేనంటారు. 1937లో డాక్టర్లు మన జిల్లా మనుషుల ఎముకల్లో ఫ్లోరైడ్ జబ్బు ఉందని రాశారు. ఎద్దు కుంటితే అంత పట్టించుకున్నోళ్ళం, కన్నబిడ్డ కుంటితే నాటకం అంటామా?

ఆటాడినాక మోకాలి చిప్ప కింద ఎముక నొప్పి పుట్టి, విశ్రాంతికి తగ్గితే మామూలుగా భయం లేదు. కానీ కుంటుతుంటే, ఒకే కాల్లో నొప్పి వదలకుంటే, రాత్రి నొప్పికి నిద్రలేస్తే, గడ్డ కనపడితే, బరువు తగ్గితే, పొద్దున్నే కీళ్ళు బిగుసుకుంటే ఆలస్యం చేయొద్దు. జ్వరంతో కీలు వాచినా, కాలు కింద పెట్టలేకపోయినా అదేరోజు తీసుకుపోండి. తోమడం, లాగి కట్టు కట్టించడం వద్దు. మోకాలు నొప్పి అంటే తుంటి కూడా చూడమని డాక్టరుని అడగండి.

మావాడు ఇప్పుడు నడస్తా ఉండాడు. వాడు నొప్పి అంటే పని ఆపి వింటా ఉండా.