లూ రీడ్ చెప్పిన న్యూయార్క్

లూ రీడ్ ‘న్యూయార్క్’ మళ్ళీ విన్నాను. 1989 నాటి రాక్ ఆల్బమ్, 14 పాటలు. పుస్తకం చదివినట్టో సినిమా చూసినట్టో 58 నిమిషాలూ ఏకబిగిన వినమని కవర్ మీద ఆయనే రాశాడు. షఫుల్‌లో పెట్టారో, సగం పోయినట్టే.

గిటార్లు, బేస్, డ్రమ్స్. అంతే, హంగుల్లేవు. ఆయన పాడడు కూడా, అరుగు మీద కూర్చుని ఊరి సంగతులు చెప్తాడు. ‘డర్టీ బులెవార్డ్’లో అద్దె గదిలో మగ్గే పెడ్రో అనే కుర్రాడు. ‘హోల్డ్ ఆన్’లో, అద్దె బకాయికని ఇల్లు ఖాళీ చేయించడానికొచ్చిన పోలీసులు 1984లో కాల్చేసిన ఎలియనార్ బంపర్స్. ‘హాలోవీన్ పెరేడ్’ అయితే గ్రీనిచ్ విలేజ్ వీధుల్లో వేషాల సందడంతా వరసపెట్టి చెప్తూనే, ఈసారి రాని వాళ్ళ పేర్లు చదువుతుంది. ఎయిడ్స్ ఆ ఊళ్ళో మనుషుల్ని పట్టుకుపోతున్న రోజులవి. ఆ పాట దగ్గర ప్రతిసారీ నా చేతిలో పని ఆగిపోతుంది.

ఇందులోని తిమింగలం పాట మాత్రం నాకెప్పుడూ ఎక్కలేదు, అభిమానులు తిట్టుకోండి!

చివరి పాట 1987లో పోయిన చిత్రకారుడు ఆండీ వార్హోల్ కోసం. అందులో డ్రమ్స్ వాయించింది మో టక్కర్, లూ రీడ్ పాత బ్యాండ్ వెల్వెట్ అండర్‌గ్రౌండ్ రోజుల జట్టుమనిషి.