మాహిష్మతి ముచ్చట

"అవ్వా, మాహిష్మతిని మొదట ఎవరు కట్టినారు?" అని మనవడు అడిగేసరికి, పులుసుకి పిసుకుతున్న చింతపండు నా చేతిలోనే ఉండిపోయింది. మా పలమనేరు మట్టిబొమ్మల్లో ఏనుగుల్నీ గుర్రాల్నీ వరండాలో బారులు తీర్చి, పూలకుండీ బోర్లించి, అదే కోట అన్నాడు. 2015లో 'బాహుబలి' వచ్చేనాటికి వాడు పుట్టనేలేదు. టీవీలో ఎన్నిసార్లు చూశాడో మాత్రం లెక్కలేదు.

సినిమాలోది కల్పనే. పేరు మాత్రం కల్పన కాదు సుమండీ! హైహయరాజు మహిష్మంతుడు కట్టించాడనీ, వెయ్యి చేతుల కార్తవీర్యార్జునుడు అక్కణ్ణించే ఏలాడనీ పురాణాలు. మధ్యప్రదేశ్‌లో నర్మద ఒడ్డున ఉన్న మహేశ్వరమే ఆ ఊరని చాలామంది నమ్మకం.

"వెయ్యి చేతులకి చొక్కా ఎట్లా తొడుక్కుంటాడు? సరేగానీ, శివగామి ఏదీ?" అన్నాడు వాడు.

శివగామి లేదు గానీ అహల్యాబాయి హోల్కర్ ఉంది నాయనా, అన్నాను. 1754లో యుద్ధంలో భర్త పోతే సహగమనానికి సిద్ధపడింది. మామగారు మల్హర్‌రావు బతిమాలి ఆపి, రాజ్యం పనులు నేర్పించాడు. ఆయనా, కొడుకూ కూడా పోయాక, 1767 నుంచి 1795 దాకా ఆవిడే ఏలింది. మహేశ్వరాన్ని రాజధాని చేసుకుని, నేతగాళ్లను రప్పించి మగ్గాలు పెట్టించింది. ఆ మహేశ్వరి చీరలు ఈనాటికీ నేస్తున్నారు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

అల్లుడు పోయి రెండేళ్లు. అప్పట్నించీ మా అమ్మాయి వెలిసిన చీరలే కడుతోంది. మంచిది కట్టుకోవే అని నేనూ ఏనాడూ అనలేదు. నలుగురూ ఏమంటారోనని వాళ్లమీద నెట్టేదాన్ని గానీ, భయం నాదే.

అమ్మాయి గుమ్మంలోకి వచ్చి, తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ, "ఆ చీరలు ఏ రంగుల్లో ఉంటాయమ్మా?" అంది.